మూడున్నర ఆంపియర్లు

తాళంచెవి తిప్పగానే బండి టిక్కుమంది. అంతే. రెండోసారి తిప్పితే ఆ టిక్కు కూడా లేదు. డ్యాష్‌బోర్డులో ఎర్ర దీపం వెలిగీ వెలగనట్టు వెలిగి ఆరిపోయింది. డ్రైవరమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. మూడోసారి తిప్పలేదు.

ఆరుంబావు అయింది. ఏడున్నరకల్లా ఐదుగురిని వాళ్ళ వాళ్ళ గుమ్మాల దగ్గర ఎక్కించుకుని ఆసుపత్రిలో దించాలి. అందరూ డయాలసిస్ వాళ్ళు. ఒక్కొక్కరు నాలుగేసి గంటలు మిషను మీద ఉండాలి. ఆలస్యంగా పోతే మిషను ఆగదు. వెనక బ్యాచి వాళ్ళు అప్పటికే వచ్చి కుర్చీల్లో కూర్చుని ఉంటారు కాబట్టి, ఆలస్యమైనవాళ్ళ టైములోనే కోత పడుతుంది.

షెడ్డు మేస్త్రీ ఇంకో బ్యాటరీని చక్రాల బల్ల మీద తోసుకుంటూ వచ్చాడు. యాభై దాటిన మనిషి. చేతులు తుడుచుకునే గుడ్డ ఎప్పుడూ భుజం మీదే ఉంటుంది.

"ఏం డ్రైవరమ్మా, నిన్న పోతూ పోతూ ఏం వెలిగించి పోయావు?"

"ఏమీ వెలిగించలేదు మేస్త్రీ గారూ. దిగేముందు రెండుసార్లు చూసుకున్నాను."

"మరి బ్యాటరీని దోమలు తాగాయా?"

ఆమె బానెట్ ఎత్తి పట్టుకుంది. మేస్త్రీ పాత బ్యాటరీ దించి, చార్జింగు పెట్టి ఉంచిన దాన్ని ఎక్కించాడు. పనిలో పనిగా తన మీటరు తెచ్చి, మైనస్ తీగ ఊడదీసి మధ్యలో పెట్టి చూశాడు. ముల్లు కదల్లేదు.

"చూడు. బండిలో లోపమే ఉంటే ఇప్పుడూ ఉండాలి కదా. ఇప్పుడు లేదు. అంటే నువ్వు ముట్టుకోకపోతే బండి బుద్ధిగానే ఉంటోంది." నవ్వుతూనే అన్నాడు. నవ్వుతూనే బండి పుస్తకం తీసి, 'లోపం' అని ఉన్న గడిలో 'డ్రైవరు. లైటు ఆర్పలేదు' అని రాశాడు.

ఆ గడిలో ఆ మాట పదకొండోసారి పడింది. పైన ఉన్న పదీ కూడా ఒకే చేతిరాత. ఆమె ఆ పేజీని పైనుంచి కిందికి ఒకసారి చదివి పుస్తకం మూసింది.

ఐదుగురినీ ఎక్కించి దించేసరికి ఎనిమిదిన్నర. చివర దిగింది రేడియో బాబాయి. నలభై ఏళ్ళు రేడియోలు బాగుచేసిన మనిషి. ఇప్పుడు ఎడమ చేతిలో సూదులు గుచ్చే నరం తాడులా ఉబ్బి ఉంటుంది. ఆ చేత్తో గ్లాసు కూడా ఎత్తకూడదు. దిగుతూ గోడ గడియారం వంక చూశాడు.

"గంట పోయింది" అన్నాడు. తిట్టలేదు, జాలిపడలేదు. పోయినదేమిటో చెప్పాడు, అంతే. ఆ గంట తక్కువైతే రాత్రి ఆయనకి కాళ్ళు ఎలా బరువెక్కుతాయో, పడుకుంటే ఊపిరి ఎలా పట్టేస్తుందో వాళ్ళమ్మాయి ఎన్నోసార్లు చెప్పింది.

పది గంటలకి ట్రాన్స్‌పోర్టు సారు పిలిపించాడు. బల్ల మీద ఒక కాగితం ఉంది. టైపు చేయించాడు. 'నా నిర్లక్ష్యం వల్ల వాహనం పలుమార్లు నిలిచిపోయినదని అంగీకరిస్తూ...' కింద సంతకానికి చోటు.

"నేను చెయ్యలేదు సార్."

సారు కోపగించుకోలేదు. గోడ మీది క్యాలెండరు దగ్గరికి వెళ్ళి వేలు పెట్టాడు. "ఇటు చూడమ్మా. బండి ఆగిపోయేది ఎప్పుడూ సోమ, బుధ, శుక్రవారాలు. అంటే ముందు రోజు ఏమిటి? మంగళ, గురు, శని. పెద్ద బ్యాచి. రెండేసి ట్రిప్పులు, దూరం. శనివారం బండి ఆపితే ఆదివారమంతా అలాగే ఉంటుంది. ఆ రోజుల్లో నువ్వు అలిసిపోతావు. అలిసిపోయి లైటు మర్చిపోతావు. అలసట తప్పు కాదు. ఒప్పుకోకపోవడం తప్పు."

"లైటు మర్చిపోతే రాత్రి షెడ్డు వాచ్‌మన్‌కి కనపడదా సార్?"

"వాదించకు. శనివారం సాయంత్రంలోగా సంతకం పెడితే ఇదే బండి మీద ఉంటావు. లేకపోతే లాండ్రీ సెక్షనుకి పో. బండికి మగ డ్రైవరు దొరకడం కష్టం కాదు."

ఆమె కాగితం తీసుకోలేదు. సారే దాన్ని ఆమె వైపు తోశాడు. బల్ల అంచు దాకా వచ్చి ఆగింది. దాన్నక్కడే వదిలేసి బయటికి వచ్చేసింది.

డయాలసిస్ వార్డులో మిషన్లు చిన్నగా రొద పెడుతున్నాయి. రేడియో బాబాయి మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"బాబాయ్, బండి ఆపేశాక కరెంటు ఎటు పోతోందో కనిపెట్టడం ఎలా?"

ఆయన కళ్ళు తెరిచాడు. రోగం గురించి కాకుండా ఇంకో సంగతి అడిగినందుకు ముఖం తేటపడింది. "మేస్త్రీ చూడలేదా?"

"పొద్దున చూశారు. ఏమీ లేదన్నారు."

"నీ దగ్గర మీటరుందా?"

"లేదు."

"నా దగ్గరుంది. ముల్లు మీటరు. మా అమ్మాయి పెళ్ళికంటే ముందుది. అల్లుడికైనా అరువివ్వలేదు, నీకిస్తా." ఎడమ చేతి దగ్గర ఉన్న ఎర్రటి గొట్టాలు కుడి చేతి వేలితో చూపించాడు. "ఇదిగో ఇది చూడు. నా రక్తం ఇటు బయటికి పోతోంది. మిషనులోంచి పోయి అటునుంచి లోపలికొస్తోంది. బయటికి పోయిన ప్రతి చుక్కా మిషను కళ్ళబడాల్సిందే కదా? మీటరు కూడా అంతే. బ్యాటరీ మైనస్ ఊడదీసి, ఆ తీగకీ బ్యాటరీకీ మధ్యలో కూర్చోబెట్టు. ముల్లు లేచిందంటే ఎవడో తాగుతున్నాడు. తర్వాత ఫ్యూజులు ఒక్కొక్కటే పీకు. ఏది పీకితే ముల్లు పడుతుందో ఆ లైనులో ఉన్నాడు దొంగ."

"అంతేనా?"

"అంతే. నాకు అనుమానం బండి రేడియో మీదే. నా అనుభవంలో నూటికి తొంభై వంతులు రేడియోనే."

నర్సు అటుగా వెళుతూ, "తాతగారూ, చెయ్యి ఊపకండి" అంది.

"పాఠం చెప్తున్నానమ్మా" అన్నాడాయన. "పాఠానికి చెయ్యి ఊపకపోతే ఎట్లా?"

ఆ మధ్యాహ్నం ఐదుగురినీ ఇళ్ళ దగ్గర దింపి, మీటరు తెచ్చుకుని, బండిని షెడ్డులో పెట్టింది. పది నంబరు పానాతో మైనస్ తీగ ఊడదీసింది. మీటరు తగిలించింది. ముల్లు లేచింది! వెనకే మేస్త్రీ నవ్వు వినపడింది.

"తలుపు తెరిచి పెట్టి చూస్తున్నావు తల్లీ. లోపలి లైటు వెలుగుతోంది. దాన్నే అంటున్నా నేను నెలరోజులుగా!"

ఆమె తలుపు వైపు చూసింది. నిజమే. తల్లోంచి క్లిప్పు తీసి, తలుపు మూస్తే లోపలికి నొక్కుకునే చిన్న బొడిపె మీద దాన్ని బిగించింది. లైటు ఆరిపోయింది. ముల్లు సున్నా పక్కకి వచ్చి పడుకుంది. గడియారానికి కావలసినంత తప్ప ఏమీ పోవట్లేదు. రేడియో ఫ్యూజు పీకి చూసింది. తేడా లేదు.

"దొరికాడా?" అన్నాడు మేస్త్రీ.

"ఇవాళ లేడు."

"ఇవాళ లేడట! టైము చూసుకుని వస్తాడా?" భుజం మీది గుడ్డ దులుపుకుంటూ వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చేసరికి అత్త వెల్లుల్లి ఒలుస్తోంది. మొగుడు కుర్చీ కాలు ఒకటి ఒళ్ళో పెట్టుకుని ఉప్పుకాగితంతో రుద్దుతున్నాడు. వడ్రంగి. ఇంటికి పని తెచ్చుకోకుండా వచ్చిన రోజు లేదు. జరిగిందంతా విని, రుద్దడం ఆపకుండానే అన్నాడు.

"పెట్టేయరాదూ. ఒక్క సంతకం. మా యజమాని రోజుకి నాలుగు పెట్టిస్తాడు. చదివి పెడతామా ఏమన్నా?"

"అందులో నా నిర్లక్ష్యం అని ఉంది."

"ఉంటే? అది నీకు అంటుకుంటుందా?"

"అంటుకుంటుంది" అంది అత్త, తల ఎత్తకుండా. "నువ్వు ఈ కుర్చీ విరిగేట్టు చేశావని ఎవరన్నా రాసుకొస్తే పెడతావురా?"

"అది వేరు."

"ఎందుకు వేరు? కుర్చీ నీ పని, బండి దాని పని." వెల్లుల్లి పొట్టు ఊదేసింది. "అయినా అమ్మాయ్, కోపం సరే. కనిపెట్టగలవా?"

డ్రైవరమ్మ చేతులు కడుక్కుంటూ ఆగింది. సారు వేలు క్యాలెండరు మీద ఆగిన చోట్లు గుర్తొచ్చాయి. పెద్ద బ్యాచి రోజులు. అలిసిపోయే రోజులు. ఆ రోజుల్లో తిరిగింది తనొక్కతే కాదు, బండి కూడా తిరిగింది. మేస్త్రీ ఎప్పుడు చూశాడు? పొద్దున్న, చల్లగా ఉన్నప్పుడు. తను ఎప్పుడు చూసింది? చిన్న ట్రిప్పు తర్వాత.

"రేపు పెద్ద బ్యాచి అత్తా" అంది. "రేపు చూస్తాను."

గురువారం రెండు ట్రిప్పులు అయి, బండి షెడ్డులోకి వచ్చేసరికి ఏడున్నర. బానెట్ ఎత్తితే వేడి ముఖానికి కొట్టింది. క్లిప్పు బిగించింది, మైనస్ తీసింది, మీటరు పెట్టింది. ముల్లు లేచి మూడున్నర ఆంపియర్ల దగ్గర నిలబడింది.

కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది. మూడున్నర. తలుపు బొడిపె నొక్కే ఉంది. లైటు లేదు. రేడియో లేదు. ఎవరూ లేని బండి తనంతట తాను తాగుతోంది.

ఫ్యూజులు పీకడం మొదలుపెట్టింది. పాత తువ్వాలు నేల మీద పరిచి, పెట్టెలో ఉన్న వరసలోనే తువ్వాలు మీద పేర్చింది. ఒకటి పీకడం, లేచి వెళ్ళి ముల్లు చూడడం. హారను. వైపరు. వెనక దీపాలు. ప్రతిసారీ మూడున్నరే. ఇరవయ్యోది పీకేసరికి నడుం పట్టేసింది. పెట్టె ఖాళీ అయింది. ముల్లు అక్కడే ఉంది.

బాబాయికి ఫోను చేసింది.

"అన్నీ పీకావా?"

"అన్నీ."

"అన్నీ పీకితే ఉండకూడదే." "మీటరు చెడిపోయిందేమో" అన్నాడు చివరికి, ఆ మాట అనడానికి మనసొప్పని గొంతుతో.

"మీటరు చెడిపోలేదు బాబాయ్. ఫ్యూజులోంచి పోని తీగ ఏదన్నా ఉంటుందా?"

ఫోను చెవి దగ్గరే ఉంచుకుని ఆమె వంగి బ్యాటరీ ప్లస్ దగ్గర చూసింది. వేలంత లావు కేబుళ్ళు రెండు. ఒకటి సెల్ఫ్ మోటారుకి. రెండోది ఇంజను పక్కనుంచి కిందికి దిగి వెనక్కి పోతోంది. దాని వెంట చెయ్యి పోనిచ్చింది. గంటకి పైగా అయింది బండి ఆపి. ఇంజను గోరువెచ్చగా ఉంది, అరచెయ్యి ఆనించి ఉంచగలిగేంత. రేడియేటరు గొట్టాలు చల్లబడ్డాయి. ఆ కేబులు చివర ఉన్న డైనమో మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేసింది.

కాలుతోంది. మిగతావన్నీ చల్లారాక ఇదొక్కటే కాలుతోంది. బ్యాటరీకి పొయ్యాల్సింది బ్యాటరీనే తాగుతోంది.

కేబులు నట్టు విప్పింది. ఊడి వచ్చింది. వెళ్ళి మీటరు చూసింది. ముల్లు సున్నా పక్కన పడుకుంది.

"దొరికాడు బాబాయ్" అంది ఫోనులో. "డైనమో."

అవతల గట్టిగా నవ్వు. "రేడియో కాదన్నమాట! సరే, పదింటిలో తొమ్మిది అన్నానుగా, పదోది నీకొదిలేశాను."

ఆ రాత్రికి కేబులు చివర గుడ్డ చుట్టి వదిలేసి, ఫ్యూజులన్నీ పెట్టేసి ఇంటికి పోయింది. శుక్రవారం పొద్దున మేస్త్రీ రాకముందే కేబులు బిగించి తాళంచెవి తిప్పితే బండి ఒక్క గుక్కలో లేచింది. నెలరోజుల్లో బండి మొరాయించని మొదటి శుక్రవారం. ఐదుగురూ సరైన టైముకి మిషన్ల మీద ఉన్నారు.

ట్రాన్స్‌పోర్టు సారు మెట్ల మీద ఎదురయ్యాడు. మొహం సంతోషంగా ఉంది.

"చూశావా? కాస్త గట్టిగా చెప్తే బండి ఎలా స్టార్టవుతుందో!"

తను బాగు చేసిందే తన తప్పుకి సాక్ష్యం అయింది. నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆపుకుంది. మెట్ల మీద చెప్తే ఈ మనిషి వింటాడా? కళ్ళతో చూడాలి.

"శనివారం సాయంత్రం కదా సార్ గడువు" అంది. "మూడింటికి షెడ్డు దగ్గరికి రండి. మేస్త్రీని కూడా ఉండమనండి."

"సంతకం షెడ్డులో పెడతావా?"

"అక్కడ చెప్తాను సార్."

శనివారం మధ్యాహ్నం పెద్ద బ్యాచిని రెండు ట్రిప్పుల్లో చేర్చాక, వాళ్ళని ఇళ్ళకి తీసుకెళ్ళేలోగా రెండు గంటలు ఖాళీ. ఈసారి కేబులు బిగించే ఉంచింది. ఊరంతా తిరిగి వేడెక్కిన బండి షెడ్డులో నిలబడింది. సారు కాగితం తెచ్చాడు, పెన్ను కూడా తెచ్చాడు. మేస్త్రీ చేతులు కట్టుకుని గోడకి ఆనుకున్నాడు.

ఆమె మీటరు తగిలించి సారు చేతిలో పెట్టింది. "మీరే పట్టుకోండి సార్. ఎంత చూపిస్తోంది?"

"మూడు... మూడున్నర."

"ఏ దీపమన్నా వెలుగుతోందా చూడండి."

సారు బండి చుట్టూ తిరిగి చూశాడు. ఏదీ వెలగట్లేదు. ఆమె తువ్వాలు పరిచింది. ఒక్కొక్క ఫ్యూజే పీకుతూ, "ఇప్పుడెంత సార్?" అని అడిగింది. "మూడున్నర." "ఇప్పుడు?" "మూడున్నర." పన్నెండోసారికి సారు గొంతులో విసుగు పోయి ఇంకేదో వచ్చింది. ఇరవై అయ్యేసరికి ఆయనే అడిగాడు. "అన్నీ తీసేశావు కదా, ఇంకా ఎవరు తాగుతున్నట్టు?"

ఆమె పానా తీసి మేస్త్రీకి ఇచ్చింది.

"డైనమో కేబులు మీరు ఊడదియ్యండి మేస్త్రీ గారూ. నేను ముట్టుకుంటే అది కూడా నేనే చేశానంటారు."

మేస్త్రీ గోడ దగ్గరనుంచి కదిలాడు. డైనమో మీద చెయ్యి పెట్టబోయి, దాని వేడి దూరం నుంచే తగిలి ఆగాడు. ఆ క్షణంలోనే ఆయనకి అర్థమైందని ఆమెకి తెలిసింది. నట్టు విప్పడానికి మామూలుగా పట్టే టైముకి రెండింతలు పట్టింది.

"సున్నా" అన్నాడు సారు, మీటరు వంక చూస్తూ. "సున్నా అయిపోయింది."

"లోపల కరెంటు వెనక్కి రాకుండా ఆపే డయోడు పోయింది" అన్నాడు మేస్త్రీ మెల్లగా. "వేడెక్కితేనే తెరుచుకుంటోంది. నేను పొద్దునపూట చూశాను. చల్లగా ఉన్నప్పుడు."

"ఈ డైనమో ఎప్పుడు పెట్టావు?"

"నెలన్నర కిందట. మూలపడ్డ బండిలోంచి తీసి. నేనే."

సారు మీటరు బానెట్ మీద పెట్టేశాడు. ఇప్పుడాయన కోపానికి చోటు దొరికింది. కాగితం తీసి, 'డ్రైవరు' అన్న చోట గీత కొట్టి, పైన 'మెకానిక్' అని రాశాడు. ఒక్క మాట మార్చితే చాలు, మిగతాదంతా సరిపోయింది. మేస్త్రీ ముందు పెట్టాడు. తర్వాత ఆమె వైపు తిరిగాడు.

"సాక్షిగా నువ్వు ఇక్కడ పెట్టు. నీ ఎదురుగానే కదా ఒప్పుకున్నాడు."

మేస్త్రీ ఆమె వంక చూడలేదు. భుజం మీది గుడ్డ తీసి చేతులు తుడుచుకుంటున్నాడు, అవి తుడిచినకొద్దీ నల్లబడుతున్నా.

"పెట్టను సార్" అంది డ్రైవరమ్మ.

"ఏం? నీ మీదినుంచి పోయింది కదా!"

"చూసింది మీరు కూడా. మీటరు మీ చేతిలోనే ఉంది."

"నీ మీద పదకొండు సార్లు రాశాడమ్మా ఈయన!"

"రాశారు. ఆ కోపం నాకు తగ్గలేదు. అది మేమిద్దరం తేల్చుకుంటాం." సీటు మీదినుంచి బండి పుస్తకం తీసి, ఆ పేజీ తెరిచి బానెట్ మీద పెట్టింది. "ఈ గడిలో బండి లోపం రాయాలి సార్. మనుషుల్ని కాదు. పదకొండు చోట్లా దిద్దించండి. ఆ కాగితం మాత్రం నాకొద్దు, ఎవరి పేరున్నా."

"నువ్వు చెప్పినట్టు నేను నడవాలా? సోమవారం నిన్ను లాండ్రీలో కూర్చోబెడతాను."

"సోమవారం ఆరుంబావుకి బండి దగ్గరుంటాను సార్. మీరొచ్చి దించండి. ఎందుకు దించారో ఐదుగురికీ మీరే చెప్పండి."

మేస్త్రీ చెయ్యి చాచి, సారు వేళ్ళ మధ్యనుంచి పెన్ను తీసుకున్నాడు. అడగలేదు, తీసుకున్నాడు. పుస్తకం మీదికి వంగి, మొదటి గీత నుంచి మొదలుపెట్టాడు. 'డ్రైవరు. లైటు ఆర్పలేదు' కొట్టేసి పక్కన 'డైనమో'. కొట్టేసి 'డైనమో'. పదకొండూ అయ్యాక ప్రతి దాని పక్కనా తన పొడి సంతకం పెట్టి, పెన్ను మూసి తిరిగి ఇచ్చాడు. సారు పెన్ను జేబులో పెట్టుకుని, కాగితం రెండు మడతలు పెట్టి, ఇంకేదో పని గుర్తొచ్చినవాడిలా వెళ్ళిపోయాడు.

ఆమె ఫ్యూజులు వరసగా పెట్టెలో పెట్టేసింది. నాలుగున్నర అయింది. మొదటి ట్రిప్పు ఏడుగురు మిషన్ల మీదినుంచి దిగి ఉంటారు.

"ఇంకో డైనమో?" అంది.

"సోమవారానికి గానీ రాదు. ఆదివారం కొట్లు ఉండవు." మేస్త్రీ కేబులు చివర టేపు చుట్టాడు. డైనమో వెనక ఉన్న చిన్న ప్లగ్గు కూడా పీకేశాడు. "ఇంతలా కాలుతోంటే మంటలు రేగొచ్చు, దీన్ని మళ్ళీ తగిలించలేం. బ్యాటరీ మీదే నడపాలి. హెడ్‌లైట్లు వెయ్యకపోతే గంటో గంటన్నరో లాగుతుంది. రెండు ట్రిప్పులకి చాలదేమో."

"మధ్యలో ఆగిపోతే మీరొచ్చి తోస్తారా?"

ఆయన షెడ్డు లోపలికి పోయాడు. ఆమె బానెట్ దించి, సీట్లో కూర్చుని, తలుపు బొడిపె మీది క్లిప్పు తీసి తల్లో పెట్టుకుంది. ఇంజను లేచింది. గేరు వెయ్యబోతుంటే పక్క తలుపు తెరుచుకుంది. మేస్త్రీ. భుజం మీద గుడ్డ లేదు, బ్యాటరీ ఉంది. రొప్పుతూ దాన్ని దించి, ముందు సీటు దగ్గర కింద పెట్టి, ఎక్కి, రెండు కాళ్ళ మధ్య బిగించి పట్టుకున్నాడు.

ఆసుపత్రి గుమ్మం దగ్గర ఏడుగురూ ఒకరి వెనక ఒకరు మెల్లగా ఎక్కారు. దూదీ పట్టీలూ చేతుల మీద నొక్కి పట్టుకుని ఎవరి చోట్లో వాళ్ళు కూర్చున్నారు. ముందు సీటులో రోజూ కూర్చునే పెద్దావిడ అక్కడ మనిషిని చూసి ఆగిపోయింది.

"ఎవరమ్మా ఈయన? నా చోట్లో కూర్చున్నాడు?"

డ్రైవరమ్మ అద్దం సర్దుకుంది.

"మా షెడ్డు మేస్త్రీ గారు, పెద్దమ్మా. బ్యాటరీ పట్టుకోవడానికి వచ్చారు. ఈ ఒక్కరోజుకి వెనక కూర్చోండి."

మేస్త్రీ బ్యాటరీని ఇంకాస్త దగ్గరికి లాక్కుని, తలుపు గట్టిగా వేశాడు. ఆమె వెనక అద్దంలో ఏడుగురినీ లెక్కపెట్టుకుని, బండిని ముందుకి పోనిచ్చింది.